దీపాలాయనకు బిళ్ల లేదు

ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గుబావిలో పనిచేసి దిగిపోయానని చెబితే ఎదుటివాళ్ల కళ్లలో ఒక గౌరవం కనిపిస్తుంది. దాన్ని కాసేపు అనుభవించాక నిజం చెబుతాను. బావి లోపలికి నేను దిగింది వేళ్ల మీద లెక్కపెట్టేన్ని సార్లే. నా కొలువు పైన, దీపాల గదిలో. దిగేవాళ్లకు టోపీకి తగిలించుకునే దీపాలు ఇవ్వాలి, పైకి వచ్చాక తీసుకోవాలి, చార్జింగుకు పెట్టాలి. లోపల బొగ్గు తవ్వేవాళ్ల దృష్టిలో ఇది అసలు పనే కాదు. "నీడకు కూసోని జీతం తీసుకునుడు" అనేవారు. నన్ను అందరూ దీపాలాయన అనే పిలిచేవారు. నా అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకూ, మా ఆవిడకూ మాత్రమే గుర్తుండేది.

కొత్తగా కొలువుల్లో చేరిన మీలాంటి పిల్లలు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతుంటారు. నా దగ్గర ఉన్నది ఒకటే సలహా. దాన్ని నేను బెల్లంపల్లిలోనూ నేర్చుకోలేదు, బావి దగ్గరా నేర్చుకోలేదు. గోదావరి నడుమ ఒక దీవి మీద, మొసలి ముందు నిలబడి నేర్చుకున్నాను.

అది అర్థం కావాలంటే ముందు బిళ్ల సంగతి తెలియాలి. బావిలో పనిచేసే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఒకటి ఉంటుంది. దిగే ముందు ఆ బిళ్ల నాకిచ్చి దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుపోతాడు. బిళ్ల నా బోర్డు మీద మేకుకు వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా భూమిలోపలే ఉన్నాడు. బోర్డు ఖాళీ అయిందంటే అందరూ పైకి వచ్చారు. అక్షరం ముక్క రానివాడికి కూడా తెలిసే లెక్క. "బిళ్ల లేనోనికి దీపం లేదు" అని నేను రోజుకు ఎన్నిసార్లు అనేవాణ్నో నాకే తెలియదు. ఒకసారి మేనేజరుతో కూడా అన్నాను. ఆయన నవ్వి, వెనక్కి పోయి బిళ్ల తెచ్చుకున్నాడు. ఆ రోజు నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఇంత గొప్పలు పోయే మనిషి ఒక తప్పు చేసి ఉంటాడని మీరు ఈపాటికి పసిగట్టే ఉంటారు.

మా బావిలో ఒక పంపాయన ఉండేవాడు. లోపల ఊరే నీళ్లను పైకి తోడే పంపు దగ్గర ఆయన డ్యూటీ. పంపు దానంతటది నడుస్తుంది, ఈయన దాన్ని చూస్తూ ఉండాలి. చూస్తూ చూస్తూ నిద్రపోయేవాడు. నిద్రలో ఆయనకు వివక్ష లేదు. ఆదివారం మేమిద్దరం పోయే మిషన్ చర్చిలో పాస్టరుగారు ప్రసంగం మొదలుపెట్టగానే వెనక బెంచీ మీద గడ్డం ఛాతీకి ఆనేది. నిలబడి పాట పాడుతూ కునుకు తీసిన మనిషిని నేను ఆయన ఒక్కడినే చూశాను.

ఒక క్రిస్మస్ ముందు, మొదటి షిఫ్టు ముగిసింది. బోర్డు మీద ఒకే ఒక బిళ్ల మిగిలింది, పంపాయనది. నాకేమో చర్చిలో పాటల ప్రాక్టీసుకు ఆలస్యమవుతోంది. ఆయనకొక చెడ్డ అలవాటు. నేను అటు తిరిగినప్పుడు దీపం అరలో పెట్టేసి, బిళ్ల తీసుకోకుండానే ఇంటికి పోయేవాడు. ఈ రోజూ అదే చేశాడనుకున్నాను. అరలో దీపం ఉందో లేదో చూడకుండా బిళ్ల తీసి సొరుగులో వేసి, రెండో షిఫ్టు అతనితో "బోర్డు ఖాళీ" అని చెప్పి పోయాను. ఆయన లోపలే ఉన్నాడు. నిద్రపోతున్నాడు. ఆయన స్థానంలోకి రావలసిన మనిషి ఆ రోజు డ్యూటీకి రాలేదు. దీపం ఆరిపోయింది. ఏదో మరమ్మతుకు దిగిన ఎలక్ట్రీషియన్‌కు ఎప్పుడో నాలుగు గంటల తర్వాత కనిపించాడు.

మర్నాడు పొద్దున ఆ మాట నా చెవిన పడింది. బావిలో చీకటంటే కళ్లు మూసుకుంటే వచ్చే చీకటి కాదు. నా చేయి నా ముక్కుకు తగిలినా కనిపించని చీకటి. మెలకువ వచ్చి ఎంత భయపడ్డాడో! అందులో ఒక మనిషిని నాలుగు గంటలు కూర్చోబెట్టి నేను పాటలు పాడుకున్నాను. పంపాయన నా మీద ఫిర్యాదు చేయలేదు. చేస్తే నిద్రపోయానని ఒప్పుకోవాలి. ఆయన నిద్ర గురించి నేనూ చెప్పలేదు. చెబితే బిళ్ల సంగతి బయటపడుతుంది. దొంగకూ దొంగకూ కుదిరిన ఒప్పందం అది.

ఆ రోజు నుంచి ఆయన దీపాన్ని నా చేతితో నేనే తీసుకునేవాణ్ని. బిళ్లను ఆయన అరచేతిలో పెట్టి నాలుగు తిట్లు తిట్టి, నా చాయ్‌లో సగం పోసేవాణ్ని. పదకొండేళ్లు ఒక్క రోజు తప్పలేదు. నిజం చెబితే ఆ సగం చాయ్ నేను ఆయనకు పోసింది కాదు, నా తప్పుకు పోసింది. క్షమించమని అడగడానికి మాత్రం నోరు రాలేదు.

నేను దిగిపోవడానికి ఇంకా ఎనిమిది నెలలున్నాయనగా రక్షణ వారోత్సవాల్లో మా బావికి బహుమతి వచ్చింది. ఏడాదంతా ఒక్క ప్రమాదం జరగనందుకు ఒక షీల్డు, దాంతోపాటు మా షిఫ్టులో కొందరికి ఒక రోజు బస్సు ప్రయాణం. ఎక్కడికి పోవాలన్న దాని మీద రెండు రోజులు కొట్టుకున్నారు. చివరికి మా సర్దార్ మాట నెగ్గింది. సర్దార్ అంటే లోపల మనుషులకు పని పంచి, పైకప్పు గట్టిగా ఉందో లేదో కర్రతో తట్టి చూసే పెద్దమనిషి. గొంతు డైనమైటు.

"గంగల కుర్రులన్ని కలిపి నేషనల్ పార్క్ చేసిన్రట. పడవల తిప్పుతరు. మొసళ్లుంటయి. పోదాం" అన్నాడు.

మా దిక్కు గోదావరిని గంగ అంటారు. నది నడుమ ఇసుక మేటవేసి, చెట్టూ చేమా మొలిచి గట్టిపడిన దీవిని కుర్రు అంటారు. అలాంటివి నాలుగైదు కలిపి అటవీ శాఖ కాపాడుతోంది. అక్కడి బోర్డు మీద రాసింది వేరే మాట గానీ, సర్దార్ నేషనల్ పార్క్ అన్నాక మాకందరికీ అది నేషనల్ పార్కే.

ఎవరి బిళ్ల వాళ్లు తెచ్చుకోవాలని ముందు రోజే అందరికీ చెప్పి, వాటిని గుచ్చడానికి ఒక ఇనుప తీగ సంచిలో వేసుకున్నాను. బస్సులో అది బయటపడగానే పండగైపోయింది.

"గిదేంది దీపాలన్నా, గంగల దీపాలిస్తవా?" అన్నాడొకడు.

"మొసలికి సుత ఒక బిళ్ల తెచ్చినవా?" అన్నాడు ఇంకొకడు.

"నవ్వుకోండ్రి. బిళ్ల ఇయ్యనోడు పడవ ఎక్కడు" అన్నాను.

ఒడ్డు మీద బగారన్నం, మటన్ కడుపునిండా తిని మూడు గంటలకు పడవ దగ్గరికి పోయాం. పందొమ్మిది మంది పందొమ్మిది బిళ్లలు ఇచ్చారు. ఒక్కొక్కటే తీగకు గుచ్చి, తీగ చివరలు మెలిపెట్టాను. తిరిగి వచ్చేటప్పుడు పడవ ఎక్కుతూ ఎవరి బిళ్ల వాళ్లు తీసుకోవాలి. తీగ ఖాళీ అయితే పడవ కదలాలి. ఇదంతా చూస్తున్న అడవి గార్డు మెచ్చుకున్నాడు. "గీ పద్ధతి మా కాడ సుత లేదు. మేము తలకాయలు లెక్కపెట్టుడే" అన్నాడు. నేను సర్దార్ వైపు ఒక చూపు చూశాను.

పెద్ద కుర్రు మీద దిగాం. గార్డు రెండే నియమాలు చెప్పాడు. చెత్త వేయొద్దు, ఐదున్నర తర్వాత కుర్రు మీద మనిషి ఉండొద్దు. తెల్లమద్ది చెట్ల కింద నుంచి కాలిబాట, బాట చివర చుట్టూ చూడటానికి ఎత్తైన మంచె. కొమ్మల నిండా కొంగలు, నీటికాకులు. మావాళ్లకు అంత ఆకాశం ఒక్కసారి కనిపించేసరికి ఏం చేయాలో తోచలేదు. సర్దార్ ఒక చెట్టు కింద కూర్చోబోయి, ముందు చేతికర్రతో పైకొమ్మను టకటక తట్టాడు. గట్టిగా ఉందని నమ్మకం కుదిరాకే కూర్చున్నాడు. ముప్పై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? గార్డు ఆయన్ని వింతగా చూశాడు.

రేవు ఎదురుగా ఇసుకదిబ్బ మీద మొసలి ఉంది. ముగ్గురు మనుషుల పొడుగు ఉంటుందని సర్దార్, ఇద్దరిదేనని తక్కినవాళ్లు. అరగంట చూశాం. అది కదల్లేదు, కన్ను ఆర్పలేదు. నోరు మాత్రం తెరిచి ఉంది.

"గది సిమెంటుది" అని తేల్చేశాడు సర్దార్. "చూడొచ్చినోళ్లు ఊకె పోవద్దని పెట్టిన్రు. రంగు సుత సక్కగ ఎయ్యలే."

గార్డు ఎంత చెప్పినా వినలేదు. ఓటింగు పెడితే సిమెంటు పక్షం గెలిచింది. నేనూ సిమెంటుకే ఓటేశాను.

ఐదు దాటాక రేవు దగ్గర తీగ పట్టుకుని నిలబడ్డాను. ఒక్కొక్కరే వచ్చి, బిళ్ల తీసుకుని, పడవ ఎక్కుతున్నారు. పద్దెనిమిది మంది అయ్యారు. తీగ మీద ఒక బిళ్ల మిగిలింది. నంబరు చూడక్కర్లేదు, చేతికే తెలిసిపోయింది.

"పంపాయన ఏడి?" అన్నాను.

"ఎనుక పండుకున్నడు గద, నేను సూసిన" అన్నాడు సర్దార్ పడవలోంచి. "బిళ్ల తీస్కోకుంటనే ఎక్కుతడని నీకు ఎర్కనే గదా. ఎక్కు, పోదాం."

వెనక ఎవరో తువ్వాల కప్పుకుని పడుకున్నట్టే ఉంది. ఒక్క క్షణం నా కాలు పడవ మీదికి లేచింది. పదకొండేళ్ల కింద కూడా నేను సరిగ్గా ఇలాగే అనుకున్నాను. కాలు వెనక్కి తీసుకుని, ఒడ్డు వెంటే పడవ వెనక కొసకు పోయి తువ్వాల లాగి చూశాను. కింద లైఫ్ జాకెట్ల కుప్ప.

సంచి పడవలో పడేసి, తీగను సర్దార్ చేతిలో పెట్టాను.

"నేను మంచె దిక్కు పోయి దేవులాడుత. తీగ ఖాళీ అయ్యేదాంక పడవ కదిలిందో, మంచిగుండదు!"

"నువ్వు పో అన్నా. నా పానం పోయినా కదలనియ్య" అన్నాడు సర్దార్. గార్డు ఒడ్డు వెంబడి రెండో దిక్కు వెతుకుతూ పోయాడు.

నేను పిలుస్తూ, తిడుతూ మంచె దాకా పోయాను. పొదల్లో చూశాను, మంచె కింద చూశాను. పంపాయన లేడు. పరుగులాంటి నడకతో రేవుకు తిరిగి వచ్చాను.

పడవ లేదు. నది సగం దాటి పోతోంది.

జరిగింది తర్వాత తెలిసింది. పంపాయన రేవుకు ఇరవై అడుగుల దూరంలో, పొద చాటున మటన్ బరువుకు పడుకున్నాడు. గార్డు లేపి తెచ్చాడు. సర్దార్ బిళ్ల ఇచ్చాడు. "అందరొచ్చిన్రా?" అని గార్డు అడిగితే సర్దార్ ఖాళీ తీగను ఎత్తి చూపించాడు. గార్డు ఆ పద్ధతిని అంతకు ముందే మెచ్చుకుని ఉన్నాడు కదా, ఇక తలకాయలు లెక్కపెట్టలేదు. ఎవరూ తప్పు చేయలేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేశారు. పందొమ్మిది బిళ్లలు, పందొమ్మిది మంది. ఇరవయ్యో మనిషికి బిళ్ల లేదు. దీపాలాయన బావిలోకి దిగడు, ఆయనకు బిళ్లెందుకు? ముప్పై ఏళ్లలో ఆ ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఏరు దాటి తమను తాము లెక్కపెట్టుకోని వెర్రివాళ్ల కథ చిన్నప్పుడు విని పడీపడీ నవ్వినవాణ్ని నేను.

ఫోన్ సంచిలో, సంచి పడవలో. అరిచాను. మోటారు చప్పుడులో ఎవరికి వినిపిస్తుంది? తువ్వాల ఊపాను. అప్పుడే ఎదుటి ఇసుకదిబ్బ మీద సిమెంటు మొసలి నోరు మూసింది. నాలుగు కాళ్ల మీద లేచింది. ఏ తొందరా లేకుండా, తన ఇంట్లోకి తాను పోతున్నట్టు, నీళ్లలోకి జారింది. ఆ తర్వాత నీళ్ల మీద ఏమీ కనిపించలేదు. కనిపించకపోవడమే ఎక్కువ భయం.

యాభై తొమ్మిదేళ్ల వయసులో, మోకాళ్ల నొప్పులతో, మంచె నిచ్చెనను నేను ఎక్కిన వేగం ఏ డాక్టరూ నమ్మడు.

పైన కూర్చున్నాక నవ్వు రాలేదు. ఇంకా వెలుతురు ఉంది, కొంగలు గూళ్లకు చేరుతున్నాయి, అవతలి ఒడ్డు కనిపిస్తూనే ఉంది. అయినా నన్ను మరిచిపోయారన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ తోచలేదు. ఆ రోజు బావిలో పంపాయనకు ఈ వెలుతురు కూడా లేదు. నాలుగు గంటలు. నేను కూర్చున్నది అరగంట ఉంటుందేమో, ఆ అరగంటలో పదకొండేళ్ల చాయ్ మొత్తం చేదైపోయింది. ఈసారి ఆయన కనిపిస్తే నోరు తెరిచి క్షమించమని అడుగుతానని ఒట్టు పెట్టుకున్నాను.

పడవ చప్పుడు వినిపించింది. ముందు కొసన పంపాయన నిలబడి ఉన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన కళ్లు పూర్తిగా తెరుచుకుని ఉండటం చూశాను. వెనక సర్దార్ తల వంచుకుని కూర్చున్నాడు. గార్డు ముఖం మాడిపోయి ఉంది.

నేను రేవుకు పరుగెత్తి పడవ మీద కాలు పెట్టబోయాను. పంపాయన చేయి అడ్డం పెట్టాడు.

"బిళ్ల ఏది?"

"నాకు బిళ్లేడిదిరా!"

"బిళ్ల లేనోనికి పడవ లేదు."

సర్దార్ పక్కకు తిరిగి దగ్గాడు. దగ్గు కాదని నాకు తెలుసు. "గొర్రెను దేవులాడవోయిన కాపరే తప్పిపోయిండు" అని గొణిగాడు. పంపాయన నా చేయి పట్టుకుని పైకి లాగాడు. పక్కన కూర్చోబెట్టుకుని తన తువ్వాలతో నా ముఖం తుడిచాడు.

"నేను లేనని ఎట్ల ఎర్కైంది?" అని అడిగాను.

"ఒడ్డుకు పోయి అందరు బస్సెక్కుతున్రు. నాకేమో ఏదో తక్కువైందనిపిస్తుంది. బిళ్ల చేతికొచ్చింది, మరి ఎవలు తిట్టలే. గిన్నేండ్లల్ల తిట్లు లేకుంట బిళ్ల తీస్కున్న దినం లేదు. గప్పుడు మొత్తుకున్న, దీపాలన్న ఏడని."

నాకు దుఃఖం ఆగలేదు. అందరి ముందే అనేశాను. ఆ క్రిస్మస్ ముందు బిళ్ల తీసి సొరుగులో వేసింది నేనేనని, నాలుగు గంటలు చీకట్లో కూర్చోబెట్టానని, క్షమించమని.

పంపాయన తువ్వాల మడిచి భుజం మీద వేసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "అన్నా, నేను యాడ కూసున్న? పండుకున్న. దీపం ఎప్పుడారిందో నాకేమెర్క? ఎలక్ట్రీషియన్ లేపితే లేసిన. గంత మంచి నిద్ర మల్ల పట్టలే."

"మరి పదకొండేండ్ల సంది ఎందుకు చెప్పకపోతివి?"

"చెప్తె చాయ్ బందైతదనుకున్న."

పడవలో నవ్వని వాడు లేడు. గార్డు కూడా నవ్వాడు. నేను పంపాయన వీపు మీద ఒక్కటిచ్చాను, ఆ తర్వాత నేనూ నవ్వాను. కళ్లు మాత్రం తడిగానే ఉన్నాయి.

రక్షణ బహుమతి యాత్రలో మనిషిని మొసళ్ల మధ్య వదిలేసి వచ్చామన్న సంగతి బావి దాకా పోకూడదని సర్దార్ బస్సులో అందరిచేతా ఒట్టు వేయించుకున్నాడు. రెండు రోజులకల్లా మేనేజరు నన్ను చూసి "మొసలి మంచిగున్నదా?" అని అడిగాడు.

ఆ రోజు నేను దీపాల గదికి పోయేసరికి నా బోర్డు చివర ఒక కొత్త మేకు కొట్టి ఉంది. దానికి వర్క్‌షాపులో కోసి, అంచులు నున్నగా రాకిన ఇత్తడి బిళ్ల. నంబరు లేదు. ఫిట్టర్ ఏ నంబరు కొట్టాలని అడిగితే పంపాయన అన్నాడట: "ఆయనకు నంబరెందుకు? అందరి నంబర్లు ఆయనయే గదా." మిగిలిన ఎనిమిది నెలలు డ్యూటీకి రాగానే ముందు నా బిళ్ల తగిలించి, ఇంటికి పోయేటప్పుడు అన్నిటికన్నా చివర తీసుకునేవాణ్ని.

నా సలహా ఇప్పటికి మీకు తెలిసిపోయే ఉంటుంది. పదిమందిని లెక్కపెట్టే కొలువు మీకు వస్తే, మొదట మీకొక బిళ్ల కొట్టించుకోండి. రెండోది, మిమ్మల్ని రోజూ తిట్టేవాణ్ని కాస్త గుర్తుపెట్టుకోండి. ఒకటే సలహా అని మొదట అన్నాను, ఒకటి ఎక్కువైంది.

ఆ బావి ఇప్పుడు లేదు, మూసేశారు. నా బోర్డు ఏ పాత ఇనుములో కలిసిందో. బిళ్ల మాత్రం నా దగ్గరే ఉంది. మా ఆవిడ తలుపు పక్కన మేకు కొట్టించింది. బయటికి పోతే బిళ్ల అక్కడ వేలాడాలి, వస్తే తీసి జేబులో వేసుకోవాలి. పంపాయన మా వెనక గల్లీలోనే ఉంటాడు. రోజూ సాయంత్రం వస్తాడు, ఇద్దరం సందు చివర హోటల్‌కు పోయి ఒక చాయ్ వన్ బై టూ తాగుతాం. తప్పు లేదని తేలిపోయినా సగం చాయ్ బంద్ కాలేదు.

మొన్న చాయ్ తాగాక ఆయన బెంచీ మీదే నా భుజానికి తల ఆనించి నిద్రపోయాడు. లేపబుద్ధి కాలేదు. కూర్చున్నాను. వీధి దీపాలు వెలిగాయి. చూస్తే మా ఆవిడ సందులోంచి విసురుగా వస్తోంది, వేలికి బిళ్ల వేలాడుతోంది.

"ఇంక బోర్డు ఖాళీ కాలే," అంది నా ముందు నిలబడి. "నేను తలుపెట్ల పెట్టుకోవాలె?"